పెట్టె విప్పని రైళ్లు

మామూ ఇంతెఖాల్ అయిన మూడు నెలలకు లెస్టర్ నుంచి ముమానీ ఫోన్ చేశారు. "బేటా, మీ మామూ షౌక్ సామాను పైగదిలో అలాగే ఉంది. 64 పెట్టెలు. పిల్లలు ముగ్గురూ తక్సీమ్ చేసుకుందాం అంటున్నారు. నువ్వు పాత కితాబులు తిరగేసేవాడివి కదా, వీటి ఖీమత్ ఎంతుంటుందో కాస్త చూసి చెప్పు."

ఆ పెట్టెల్లో ఉన్నవి బొమ్మరైళ్లు. జాతరలో పిల్లల కోసం కొనే సరుకు కాదు సుమా. అసలు ఇంజిన్‌ను కొలిచి, ఇంగ్లండ్ లెక్కలో అయితే 76వ వంతుకూ, జర్మనీ లెక్కలో అయితే 87వ వంతుకూ తగ్గించి, చిన్న చిన్న పైపులతో సహా అచ్చం అలాగే చేసిన మోడళ్లు. మా నానా లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఇంజిన్ల పిచ్చి మామూకు ఆయన నుంచే వచ్చింది. ఇంగ్లండ్‌లో ఉద్యోగం కుదురుకున్నాక ఆ పిచ్చి ఇలా పెట్టెల్లోకి చేరింది.

సగానికి పైగా పెట్టెల మీద ఒకే అర్థం వచ్చే మాట ఉంది: క్లబ్బు మెంబర్లకు మాత్రమే. లోపల మామూ పేరుతో ఒక సర్టిఫికెట్. "ఇవి దుకాణంలో దొరికేవి కావు. నాయాబ్ చీజ్. రేపు పిల్లలకు ఒక ఇంటి ఖరీదు వస్తుంది" అనేవారట మామూ. ముమానీ ఆశంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దామని మొదలుపెట్టి, నేను నూరేళ్ల తవారీఖ్‌లోకి వెళ్లిపోయాను.

బొమ్మరైళ్ల క్లబ్బులు మొదట్లో పిల్లలవి. లివర్‌పూల్‌లో మెకానో బొమ్మలు కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో రైళ్లు అమ్మడం మొదలుపెట్టాడు. 1928లో ఆయన సంస్థ "హార్న్‌బీ రైల్వే కంపెనీ" అని ఒకటి పెట్టింది. పేరుకు కంపెనీ, నిజానికి కుర్రాళ్ల క్లబ్బు. ఇంట్లో హార్న్‌బీ రైలు ఉంటే చాలు, ఫారం నింపి పంపితే కోటుకు పెట్టుకునే బ్యాడ్జి వచ్చేది. ఊరూరా శాఖలుండేవి. పిల్లలు ఒకచోట చేరి పట్టాలు పరిచి, టైంటేబుల్ రాసుకుని మరీ రైళ్లు నడిపేవాళ్లు. ఆ సంగతులు మెకానో మ్యాగజీన్‌లో వచ్చేవి. అక్కడ మెంబర్ అయినందుకు దొరికే ఖాస్ వస్తువు బ్యాడ్జి. ఇంజిన్ మాత్రం అందరిదీ ఒకటే. అది నేల మీద పరుగెత్తేది, కుర్చీ కోళ్లకు గుద్దుకునేది, రంగు పోయేది, చక్రం ఊడితే తమ్ముడి పాలయ్యేది. ఈ రంగు పోవడం అన్న సంగతి కొంచెం యాద్ పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

జర్మనీలో కథ ఇంకా పాతది. గోపింగెన్ అనే ఊళ్లో 1859లో మార్క్లిన్ అనే రేకుపని ఆయన బొమ్మల వంటింటి సామాను చేయడం మొదలుపెట్టాడు. 1866లో ఆయన పోతే కార్ఖానాను నిలబెట్టింది ఆయన బేవా కరోలినా. ఇలాంటి చోట్ల తవారీఖ్ రాసేవాళ్లు ఆడవాళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు, నేనూ అదే చేస్తున్నాను, మాఫ్ చేయండి. 1891లో లైప్‌జిగ్ మేళాలో ఈ కంపెనీ ఒక కొత్త పద్ధతి చూపించింది. పట్టాల వెడల్పులకు పక్కా కొలతలు పెట్టి, ఈ ఏడు కొన్న రైలుకు వచ్చే ఏడు ఇంకో డబ్బా, ఆపై ఏడు ఒక మలుపు, ఒక స్టేషన్ తగిలించుకునేలా చేసింది. ఎప్పటికీ పూర్తి కాని బొమ్మ! నా నజర్‌లో మెంబర్ల మోడల్‌కు విత్తనం పడింది ఇక్కడే. మనిషి చేతిలో ఉన్నదాన్ని చూడడం మానేసి, ఇంకా రానిదాని కోసం ఇంతెజార్ చేయడం నేర్చుకున్నాడు.

అరుదు అన్నది దానంతట అదే ఎలా పుట్టిందో అమెరికా చెబుతుంది. న్యూయార్క్‌లో జాషువా లయొనెల్ కోవెన్ 1900లో పెట్టిన లయొనెల్ కంపెనీ, జంగ్ వల్ల 1942లో బొమ్మల పని ఆపేసింది. ఇనుము, తగరం అన్నీ ఫౌజుకు పోయాయి. పిల్లల్ని ఉత్త చేతులతో పంపలేక 1943లో కత్తిరించి అతికించుకునే అట్టరైలు అమ్మింది. ఇనపరైలు నడిపిన పిల్లలకు అట్టరైలు ఇస్తే ఏమన్నారో ఊహించుకోండి. తర్వాత 1957లో అదే కంపెనీ ఆడపిల్లల కోసమని గులాబీ రంగు ఇంజిన్‌తో ఒక రైలు తెచ్చింది. ఎవరూ కొనలేదు. రైలు కావాలనుకున్న ఆడపిల్లకు కావలసింది అసలు రైలులా నల్లగా ఉన్న రైలే అని కంపెనీకి తట్టలేదు. అమ్ముడుపోని ఆ గులాబీ రైలు కోసం ఇవాళ షౌకీన్లు వెతుకుతూ తిరుగుతారు. నక్లీవి కూడా పుట్టాయి కాబట్టి అస్లీ ఏదో తేల్చుకోవడానికి తలలు పట్టుకుంటారు.

అంటే పాత రైళ్లు నాయాబ్ అయింది ఎవరో దాచిపెట్టినందుకు కాదు. పిల్లలు విరగ్గొట్టారు, జంగ్ కరిగించింది, అమ్మలు అటక మీంచి తీసి పారేశారు. ఇన్ని ఆఫత్‌లు దాటి మిగిలింది కొంచెం. ఆ కొంచెం కోసం పెద్దవాళ్లయిన ఆ పిల్లలే మళ్లీ బయల్దేరారు. 1954లో పెన్సిల్వేనియాలో ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్, 1969లో ఇంగ్లండ్‌లో పాత హార్న్‌బీ రైళ్లు సేకరించేవాళ్ల సంఘం, 1970లో లయొనెల్ కలెక్టర్స్ క్లబ్ ఆఫ్ అమెరికా పుట్టాయి. ఈ మెంబర్లకు బ్యాడ్జి పెట్టుకునే ఉమర్ దాటిపోయింది, జేబులో పైసలు మాత్రం ఉన్నాయి.

కంపెనీలు ఆ జేబును చూడడానికి ఎక్కువ కాలం పట్టలేదు. చూడక తప్పని మజ్‌బూరీ కూడా ఉంది. పిల్లలు టీవీ వైపు, కార్ల వైపు వెళ్లిపోతున్నారు. లయొనెల్ 1969లో తన పేరు వాడుకునే హక్కును జనరల్ మిల్స్ అనే ఆహార కంపెనీకి ఇచ్చుకుంది. 1979లో లివర్‌పూల్ బిన్స్ రోడ్ కార్ఖానాకు తాళం పడింది, హార్న్‌బీ రైళ్లు అప్పటికే మార్గేట్‌కు మారిపోయాయి. ఈ గడ్డుకాలంలోనే అమెరికా క్లబ్బులు తమ సాలానా జల్సాల కోసం క్లబ్బు పేరు అచ్చేసిన ప్రత్యేక డబ్బాలు చేయించుకోవడం వాడుకైంది. మొదట్లో అది దావత్‌కు వెళ్లినవాడు తెచ్చుకునే నిషానీ లాంటిది. తర్వాత కంపెనీలే సొంత క్లబ్బులు పెట్టాయి. మార్క్లిన్ 1993లో "ఇన్‌సైడర్" క్లబ్బు తెరిచింది. హార్న్‌బీ కూడా సొంతంగా ఒక కలెక్టర్ల క్లబ్బు పెట్టి మెంబర్లకు ప్రత్యేక మోడళ్లు ఇవ్వసాగింది.

మార్క్లిన్ పద్ధతి కాస్త వివరంగా చెప్పాలి, మామూ వాదా అంతా అక్కడే తేలుతుంది. ఏటా ఒక ఇంజిన్ ఎలాన్ చేస్తారు. మెంబర్ గడువు లోపల తన డీలర్ దగ్గర ఆర్డర్ రాయించుకోవాలి. ఎన్ని ఆర్డర్లొస్తే అన్ని ఒకే విడతలో చేస్తారు, ఆ మోడల్‌ను అదే రూపంలో మళ్లీ చేయరు. వాదా నిలబెట్టుకుంటారు, అందులో ధోఖా ఏమీ లేదు. ఎన్ని చేయాలో ముందే లెక్క ఉంటుంది కాబట్టి కంపెనీకి సరుకు మిగిలిపోతుందన్న భయం కూడా ఉండదు. కాకపోతే "పరిమితం" అన్న మాటకు హద్దు గీసేది అడిగేవాళ్ల సంఖ్యే. అడిగిన ప్రతి మెంబర్‌కూ దొరికే వస్తువు, అడగని వాడికి అక్కర్లేని వస్తువు ఎంత అరుదు? పైగా ఇంజిన్ అచ్చు తయారుచేయడానికి బోలెడు ఖర్చు. ఒకసారి చేసిన అచ్చును కంపెనీ పడుకోబెట్టదు. వేరే రంగు, వేరే నంబర్ వేసుకుని అదే ఇంజిన్ తర్వాత మామూలు దుకాణంలోకి వస్తుంటుంది.

గ్వాలియర్ జై విలాస్ మహల్‌లో భోజనాల బల్ల మీద తిరిగే వెండి రైలు గురించి మీలో చాలామంది వినే ఉంటారు. మెహమాన్ల ముందుకు సీసాలు మోసుకొచ్చే రైలు. దాన్నయితే ఒకే ఒక్క మెంబర్ ఉన్న క్లబ్బు మోడల్ అనొచ్చు. మిగతావన్నీ దాని తర్వాతే.

2009లో మార్క్లిన్‌కు 150 ఏళ్లు నిండాయి. జష్న్ జరుపుకోవలసిన ఏడాది, ఫిబ్రవరిలో అదాలత్‌కు వెళ్లి దివాలా దరఖాస్తు పెట్టుకుంది. పదహారేళ్లుగా నడుస్తున్న మెంబర్ల క్లబ్బు కూడా ఆ నష్టాన్ని ఆపలేకపోయింది. తర్వాత తేరుకుంది, 2013లో సింబా డికీ అనే బొమ్మల సంస్థను నడిపే కుటుంబం దాన్ని కొనుక్కుంది, ఇప్పటికీ క్లబ్బు నడుస్తోంది.

ఇక ఆ రంగు సంగతి. 1930ల నాటి కుర్రాడు తన ఇంజిన్‌ను వాడేశాడు కాబట్టి వాడని ఇంజిన్ నాయాబ్ అయింది. మామూ, ఆయనలాంటి మెంబర్లందరూ పెట్టె విప్పకుండా దాచారు కాబట్టి విప్పని పెట్టెలు ఎటు చూసినా అవే. అందరూ ఒకే ఉమర్ వాళ్లు కాబట్టి అన్ని ఇళ్ల అటకలూ ఇంచుమించు ఒకే కాలంలో ఖాళీ అవుతున్నాయి. కొనేవాళ్లు తగ్గుతూ, అమ్మేవాళ్లు పెరుగుతూ ఉన్న బజారు ఇది.

ఇదంతా ముమానీకి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. చివరికి చెప్పాను. అక్కడి డీలర్ ఒకాయన వచ్చి చూసి, మామూ పెట్టిన దాంట్లో మూడో వంతు ఇస్తానన్నాడట. ముమానీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముప్పై ఏళ్లు ఆయన ఈద్‌కు కొత్త కోటు కుట్టించుకోలేదు, తెలుసా?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర ఏ తవారీఖ్ లేదు.

మరుసటి ఆదివారం వీడియో కాల్‌లో చిన్న మనవడు ఒక పెట్టె విప్పాడు. లోపలి స్పాంజి జిగటగా మారి ఇంజిన్ పక్కకు అంటుకుంది. పట్టాల మీద పెట్టి కరెంటు ఇస్తే కదల్లేదు. గ్రీజు ఎండి పళ్లచక్రాలు బిగుసుకుపోయాయి. ఇన్నేళ్లు ఒక్కసారి కూడా నడవని ఇంజిన్ కదా మరి. వాళ్ల నాన్న దాన్ని విప్పి, పాత గ్రీజు తుడిచి, సూది మొనతో ఒక్క చుక్క నూనె వేశాడు. ఈసారి అది ఊగుతూ అర చుట్టు తిరిగి ఆగింది. వాడు వేలితో నెడితే మళ్లీ కదిలింది. ముమానీ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసి, "ఇంత చిన్న ఆవాజేనా దీనిది?" అన్నారు.

63 పెట్టెలు డీలర్ తీసుకెళ్లాడు. పైసలు ముగ్గురికీ పంచారు. సర్టిఫికెట్లు మాత్రం ముమానీ ఇవ్వలేదు. వాటి మీద మామూ పేరుంది.