రాజుగారి కారు - రేడియేటర్ నీళ్ళు

నాంపల్లి స్టేషన్లో దిగి చీరలకోసం ఆబిడ్స్ వెళ్ళే మనలో ఎంతమందికి తెలుసు, ఆ పేరు అక్కడ దుకాణం పెట్టిన ఆల్బర్ట్ ఆబిద్‌దని? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి అంతరంగిక సేవకుడాయన. ఆ నిజామే 1911లో ఇంగ్లండునుంచి ఓ రోల్స్‌రాయిస్ పురమాయించారు. వెనక సింహాసనంలాంటి సీటు! కారు రాకముందే, ఆ ఆగస్టులో, ఆయన కాలం చేశారు. కొడుకు ఉస్మాన్ అలీఖాన్ హయాంలోనూ అది తిరిగింది తక్కువే. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది.

తిరగని కారుకి అరుగుదల ఏముంటుంది అంటారేమో! నాకు మాత్రం నిలవనీళ్ళే గుర్తొస్తాయి. ఇంజను వేడిని నీళ్ళు మోసుకొచ్చి రేడియేటర్లో చల్లారతాయి. ఆ నీళ్ళు ఏళ్ళతరబడి కదలకపోతే ఇనుముకి తుప్పు. బోరునీళ్ళయితే మన కాగులో పట్టినట్టే సున్నపు పొర, సన్నగొట్టాలు పూడుకుపోతాయి.

అందుకే పాతకార్లవాళ్ళు ఇంజను పూర్తిగా చల్లారాకే మూత తీసి, అడుగున కుళాయి తిప్పి నీళ్ళు వదిలేస్తారు. వేడిమీద తీస్తే ఏమవుతుందో ప్రెషర్ కుక్కర్ వాడే మనకి చెప్పాలా? ఎర్రనీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా కడిగి, డిస్టిల్డ్ వాటర్లో తుప్పు పట్టనివ్వని కూలెంట్ కలిపి పోస్తారు.

అచ్చం ఇంటిపనే! చేసినన్నాళ్ళూ కనబడదు, మానేస్తే తెలుస్తుంది. ఈసారి చౌమహల్లా వెళితే సింహాసనం చూసి వచ్చేయకండి. ఆ రేడియేటర్ ముందూ ఓ నిమిషం నిలబడండి.