లెక్కలోకి రాని బిడ్డలు

పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్తు నగరానికి ఆగ్నేయంగా, ఆర్మడేల్ పురపాలక పరిధిలో హారిస్‌డేల్ అనే పేట ఉన్నది. మనవంటి తోటకూలీల సంతతివారమూ, ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుండి నేరుగా వచ్చినవారూ అక్కడ ఇరుగుపొరుగుగా కాపురముంటున్నాము. పురుడు చల్లగా జరిగితే బారసాలకు పదిమందిమీ చేరుతాము. బిడ్డ కడుపులోనే కన్నుమూసిన ఇంటికి మాత్రం ఏ మాటతో వెళ్ళాలో తెలియక ఆగిపోతాము. ఆ సమయంలో ఆసుపత్రివారు ముందుంచే కాగితాల వెనుక పెద్ద చరిత్రే ఉన్నది.

మన పూర్వులు 1860లో ట్రూరో ఓడ మీద నేటాలుకు, 1903లో ఎల్బ్ ఓడ మీద ఫిజీకి మద్రాసు రేవు నుండి బయలుదేరారు. ఓడ ఎక్కేవారి పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు గుమాస్తాలు చీటీలో వ్రాసుకొన్నారు. నేడు వంశవృక్షం వెదికేవారికి ఆ చీటీలే ఆధారం. పని చేయగల శరీరాన్ని గుర్తించడానికి వ్రాసిన ఆ చీటీలో, తల్లి పోగొట్టుకొన్న గర్భానికి గడి ఎందుకుంటుంది? పేరు వ్రాయబడడం ఎంత విలువైనదో మనకంటె బాగా ఎవరికి తెలుసు?

మృతశిశువుల గురించిన తొలి శాసనాలు కూడా జాలితో పుట్టినవి కావు, అనుమానంతో పుట్టినవి. ప్రాణంతో పుట్టి మరణించిన బిడ్డను చచ్చి పుట్టిందని చెప్పి పూడ్చడం ఇంగ్లండులో 1874 నాటి చట్టం ప్రకారం నేరమైంది. శిశుహత్యలను కప్పిపుచ్చకుండా చూడడమే దాని ఉద్దేశం. 1926లో మరొక చట్టం వచ్చి, 1927 జూలై 1 నుండి 28 వారాలు నిండిన మృతశిశువును రిజిస్టరు చేయడం తప్పనిసరి అయింది. 1992లో ఆ హద్దును 24 వారాలకు తగ్గించారు. భారతదేశంలో 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషను చట్టం మృతజననాన్ని కూడా జననంగానే లెక్కించింది; నియమాలలో హద్దు 28 వారాలు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1998 నాటి చట్టం ప్రకారం 20 వారాలు. వారాలు తేలనప్పుడు 400 గ్రాముల బరువు చూస్తారు.

దీనివల్ల ఏమవుతున్నది? 22 వారాలకు చనిపోయి పుట్టిన బిడ్డ హారిస్‌డేల్‌లో రిజిస్టరుకెక్కుతుంది. అదే బిడ్డ గుంటూరులోనో లండనులోనో పుడితే మృతజననంగా రిజిస్టరుకెక్కదు. ఒక్కసారి ఊపిరి తీసి కన్నుమూసిన బిడ్డ అయితే వారాలతో పనిలేదు, జననమూ మరణమూ రెండూ వ్రాయించవలసినవే.

హద్దులు గీయడం మన శాస్త్రాలకూ కొత్త కాదు. నాలుగవ నెల వరకు స్రావమనీ, అయిదు ఆరు నెలల్లో పాతమనీ, అటు తరువాత ప్రసూతి అనీ స్మృతికారులు విభజించారు. గర్భస్రావమైన తల్లికి గర్భం ఎన్ని నెలలదో అన్ని రాత్రులు అశౌచమని మనుస్మృతి చెప్పింది. ఆ లెక్కలో ఎంత చిన్న గర్భమైనా సున్న కాలేదన్నది గమనించవలసిన విషయం. రెండేళ్ళు నిండని బిడ్డను దహనం చేయక ఖననం చేయడం కూడా ఆ స్మృతిలోనిదే.

ఇక దేహం మాట. 20 వారాలు దాటిన బిడ్డకు ఖననమో దహనమో విధిగా జరగాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇందుకు 1986 నాటి శ్మశానాల చట్టం, 1929 నాటి దహన చట్టం ఉన్నాయి. పెరట్లో పూడ్చుకొనడానికి వీలులేదు. 20 వారాలలోపు గర్భానికి రిజిస్ట్రేషను లేదు గనుక, అడగకపోతే ఆసుపత్రివారే తమ పద్ధతిలో సాగనంపుతారు. అడిగితే తలిదండ్రులకు అప్పగించే ఏర్పాటూ ఉన్నది.

ఇక్కడే మన పెద్దలకు ఒక మనవి. "తీసుకుపొండి, ఆమెకు చూపవద్దు" అని గుమ్మం దగ్గరే సమాధానం చెప్పి పంపడం మనలో పాత అలవాటు. ఆస్ట్రేలియా ఆసుపత్రులలోనూ ఒకప్పుడు ఇదే జరిగింది. తల్లి కంటపడకుండానే బిడ్డలను తీసుకుపోయి గుర్తులేని ఉమ్మడి గోతులలో పూడ్చారు. ఆ గోతుల కోసం ముసలితనంలో వెదుక్కొన్న తల్లులున్నారు. ఆమెను కాపాడుతున్నామనుకొన్న మాటే ఆమెకు జీవితకాలపు వెలితి అయింది.

కనుక ముందుగా తల్లిని అడుగుదాము. చూస్తావా అమ్మా, పేరు పెడతావా, ఎక్కడ ఉంచమంటావు అని అడుగుదాము. వద్దంటే ఆ మాటనూ మన్నించుదాము. చట్టం 20 వారాల దగ్గర గీత గీసింది. ఆ గీతకు ఇవతల మిగిలిపోయిన బిడ్డకు రిజిస్ట్రారు గడి ఇవ్వడు. అక్కడ గుర్తు పెట్టుకొనవలసినవారము మనమే.