కరక్కాయ: ఉత్తరాంధ్రలో దాని చరిత్ర, వాడకం

కరక్కాయ అంటే కరక చెట్టు కాయ. సంస్కృతంలో హరీతకి, వృక్షశాస్త్రంలో టెర్మినేలియా చెబ్యులా. తాని, తెల్లమద్ది, నల్లమద్ది, వీధుల్లో నీడకు పెంచే బాదం, అన్నీ దీని దగ్గరి చుట్టాలే. ఉసిరికాయ, తానికాయలతో కలిస్తే ఇది త్రిఫల అవుతుంది. ఆయుర్వేదంలో ఎంత పేరుందో తోళ్ల పరిశ్రమలో, అద్దకంలో, సున్నపు కట్టడాల్లో కూడా అంతే పేరున్న కాయ ఇది. ఈ పనులన్నిటికీ మూలం ఒక్కటే: దీని వగరు. ఆ వగరే దీని గుణం, జాగ్రత్త పడవలసిందీ దాని విషయంలోనే.

చెట్టు, కాయ

కరక ఆకు రాల్చే అడవుల చెట్టు. 20 నుంచి 25 మీటర్ల దాకా పెరుగుతుంది. వేసవి మొదట్లో కొత్త చిగురుతో పాటు పసుపు చాయ తెల్లటి పూలు కంకులుగా వస్తాయి. కాయలు చలికాలంలో ముదురుతాయి. నవంబరు నుంచి మార్చి వరకు ఏరుతారు. విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి చుట్టూ ఉన్నది మైదానం. కరక చెట్లు ఉండేది దానికి ఎగువన, సాలూరు, పార్వతీపురం, కురుపాం, సీతంపేట కొండల్లో. సవర, జాతాపు, గదబ, కొండదొర కుటుంబాలు కాయ ఏరి, ఎండబెట్టి, సంతకు దింపుతాయి.

పచ్చికాయ పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. ఎండితే గోధుమ రంగుకు తిరిగి, నిలువునా ఐదు అంచులు తేలుతుంది. రోకలితో ఒక్క పోటు వేస్తే పైపెచ్చు పెళుసుగా విడిపోయి లోపలి గింజ బయటపడుతుంది. మందుకు పనికొచ్చేది ఆ పెచ్చే, గింజ పారేస్తారు. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే ముందు నాలుక బిగుసుకుపోతుంది. తరవాత పులుపు, చేదు తెలుస్తాయి. పైన మంచినీళ్లు తాగితే తీపి. ఉప్పు తప్ప మిగిలిన ఐదు రుచులూ ఇందులో ఉన్నాయని వైద్య గ్రంథాలు చెబుతాయి. గింజ కట్టకముందే రాలి ఎండిన నల్లటి చిన్న కాయలను పిందె కరక్కాయలంటారు. పచారీ కొట్లలో వాటిని విడిగా అమ్ముతారు.

ప్రాచీన చరిత్ర

చరక సంహిత చికిత్సాస్థానం మొదలయ్యేదే కరక్కాయ, ఉసిరికాయల రసాయన గుణాలతో. బౌద్ధ భిక్షువులు మందుగా దగ్గర ఉంచుకోవచ్చని వినయ నియమాలు అనుమతించిన కాయల్లో ఇదొకటి. నెల్లిమర్ల దగ్గరి రామతీర్థం, వంశధార ఒడ్డున శాలిహుండం కొండల మీద ఆరామాలు వెలిసిన కాలానికే ఇది బౌద్ధ లోకమంతటా తెలిసిన మందు. టిబెట్ చిత్రాల్లో భైషజ్య బుద్ధుడి చేతిలో కనిపించేది ఈ కరక కొమ్మే. 1890లో మధ్య ఆసియాలోని కూచాలో దొరికిన బోవర్ రాతప్రతిలో హరీతకి మీద ప్రత్యేక భాగం ఉంది. జపాన్‌లోని నారా నగరంలో 756లో షోసోయిన్ ఖజానాకు సమర్పించిన మందుల జాబితాలోనూ కరక్కాయ ఉంది. అరబ్బు వర్తకుల ద్వారా ఇది ఐరోపా మందుల కొట్లకు చేరింది. శాస్త్రీయ నామంలోని చెబ్యులా అనే మాట కాబూల్ పేరు నుంచి వచ్చిందని చెబుతారు. పశ్చిమానికి ఈ సరుకు వెళ్లిన దారుల్లో కాబూల్ ఒకటి.

16వ శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన భావప్రకాశం కరక్కాయను విజయ, రోహిణి, పూతన, అమృత, అభయ, జీవంతి, చేతకి అని ఏడు రకాలుగా విభజించింది. మంచి కాయను గుర్తించే పద్ధతి కూడా అందులోనే ఉంది. కాయ కొత్తదై, గట్టిగా, బరువుగా ఉండాలి, నీళ్లలో వేస్తే మునగాలి. పుచ్చు కాయను పక్కకు తీయడానికి ఈ పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది.

ఆధునిక వృక్షశాస్త్రంలో దీనికి పేరు పెట్టినవాడు స్వీడన్‌కు చెందిన రెట్జియస్, 1788లో. కోరమాండల్ తీరపు మొక్కల మీద విలియం రాక్స్‌బర్గ్ వెలువరించిన గ్రంథంలోనూ ఇది చోటు చేసుకుంది. ఆయన 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో పనిచేసి, చెట్లకు తెలుగువాళ్లు పిలిచే పేర్లను కూడా రాసిపెట్టినవాడు.

భీమిలి సరుకు

కరక్కాయలో దాదాపు మూడో వంతు టానిన్, దాని వగరుకు కారణం అదే. పచ్చి తోలును కుళ్లకుండా నిలిపే పదార్థం ఇదే కాబట్టి 19వ శతాబ్దంలో ఐరోపా తోళ్ల కర్మాగారాలు ఈ కాయ కోసం ఎగబడ్డాయి. అప్పటి అంతర్జాతీయ వర్తకంలో కరక్కాయను బయలుదేరిన చోటును బట్టి రకాలుగా పిలిచేవారు. జబల్‌పూర్ నుంచి వచ్చినవి జబల్‌పూర్లు, భీమునిపట్నం రేవు నుంచి ఓడెక్కినవి భీమ్లీలు. డచ్చివారి చేతిలో పెరిగి 1825లో ఇంగ్లీషువారికి దక్కిన ఈ చిన్న రేవు, ఉత్తరాంధ్ర కొండల కాయకు తన పేరే పెట్టింది. ఇక్కడి గోగునారకు బయటి దేశాల్లో బిమ్లీ జూట్ అన్న పేరు వచ్చినదీ ఇలాగే.

1890లలో తూర్పు తీరపు రైలుమార్గం పడింది. గరివిడి స్టేషన్ ఇప్పుడున్నది ఆ మార్గం మీదే. 1933లో విశాఖ ఓడరేవు తెరిచాక భీమిలి రేవు వెనకబడింది. అప్పటికే తోళ్ల పరిశ్రమ క్రోమియం లవణాల వైపు మళ్లుతోంది. క్రోమ్‌తో రోజుల్లో తేలే పనికి కరక్కాయతో వారాలు పట్టేది. కాయ గిరాకీ పడిపోయింది. తమాషా ఏమిటంటే, తరవాత గరివిడికి పేరు తెచ్చినవాటిలో ఆ క్రోమియం జాతి సరుకూ ఒకటి. ఇక్కడి శ్రీరాంనగర్‌లో వెలిసిన ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం మాంగనీసు, క్రోమియం మిశ్రమ లోహాలకు ప్రసిద్ధి పొందింది.

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చింతపండు, తేనె, కుంకుడుకాయ, కొండచీపుర్లతో పాటు కరక్కాయనూ సంతల్లో, గిరిజనులకు నిత్యావసరాలు అమ్మే తన డీఆర్ డిపోల్లో కొనడం మొదలుపెట్టింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇలాంటి చిల్లర అటవీ ఫలసాయం మీద గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు హక్కు ఇచ్చింది. 2013–14లో కేంద్రం ప్రారంభించిన మద్దతు ధర పథకపు తొలి జాబితాలోనూ కరక్కాయ ఉంది.

కాయ విలువ తెలియకపోతే ఎలా మోసపోతామో 2018లో హైదరాబాద్ కూకట్‌పల్లిలో బయటపడింది. ఒక కంపెనీ కిలోకు 1,000 రూపాయలు కట్టించుకుని కరక్కాయలిచ్చి, దంచి పొడి తెస్తే 1,300 ఇస్తామని చెప్పింది. బజారులో ఆ కాయ కిలో కొన్ని పదుల రూపాయలే. వందలమంది డబ్బు పోగొట్టుకున్నారు.

అద్దకం, సున్నం, సిరా

శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందు కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరవేస్తారు. పాల కొవ్వు రంగు పారకుండా ఆపుతుంది, కరక్కాయ టానిన్ రంగును పట్టి ఉంచుతుంది. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం పులియబెట్టిన కసిమిని కలంతో గీయగానే లేత పసుపు బట్ట మీద గీత నల్లబడుతుంది. టానిన్, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. పాతకాలపు సిరా తయారీలోనూ జరిగేది ఇదే. గుళ్లు, కోటలు, మేడలు కట్టేటప్పుడు డంగుసున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారు. పాత గుళ్ల మరమ్మతుల్లో ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

వైద్యంలో వాడుక

దగ్గొస్తే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమనడం తెలుగిళ్లలో ఇప్పటికీ వినపడే మాట. నిప్పుల మీద కాస్త కాల్చి పెచ్చు చప్పరిస్తారు. నోరు పూసినా, చిగుళ్లు వాచినా కషాయంతో పుక్కిలిస్తారు. పుండ్లు కడగడానికి కూడా ఆ కషాయమే, మనిషికైనా పశువుకైనా. వైద్యులు త్రిఫల చూర్ణం, అభయారిష్టం, అగస్త్య హరీతకీ రసాయనం, దశమూల హరీతకి వంటి యోగాల్లో వాడతారు. చ్యవనప్రాశలోనూ ఇది ఉంటుంది.

కాయను ఎలా తీసుకుంటామన్నదాన్ని బట్టి పని మారుతుందని భావప్రకాశం చెబుతుంది. నమిలితే ఆకలి పెంచుతుంది, నూరి తాగితే విరేచనం చేయిస్తుంది, ఉడికిస్తే విరేచనాన్ని కడుతుంది, వేయిస్తే మూడు దోషాలనూ అణుస్తుంది. అనుపానం, అంటే మందుతో కలిపి తీసుకునేది, కూడా రుతువును బట్టి మారుతుంది. వానాకాలంలో సైంధవ లవణం, శరత్తులో పంచదార, హేమంతంలో శొంఠి, శిశిరంలో పిప్పలి, వసంతంలో తేనె, గ్రీష్మంలో బెల్లం. దీన్నే రుతు హరీతకి అంటారు.

ఆధునిక పరిశోధన

కాయలో చెబ్యులాజిక్, చెబ్యులినిక్, గాలిక్, ఎల్లాజిక్ ఆమ్లాలు ముఖ్యమైనవి. ప్రయోగశాల పరీక్షల్లో ఇవి కొన్ని సూక్ష్మజీవులను అదుపు చేశాయి, ఆక్సీకరణను తగ్గించాయి. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో కాస్త గట్టిగా నిలిచినది నోటి శుభ్రత విషయం: కరక్కాయ ద్రావణంతో పుక్కిలిస్తే పళ్లను పుచ్చబెట్టే బ్యాక్టీరియా తగ్గింది. మలబద్ధకానికి త్రిఫల పనిచేయడం అనుభవంలో ఉన్నదే. చక్కెర, కొలెస్టరాల్, కాలేయం విషయంలో జరిగినవి ఎక్కువగా జంతువుల మీద, లేదా కొద్దిమంది మీద చేసినవి. గాజు గొట్టంలో కనిపించిన ఫలితం రోగి ఒంట్లో వచ్చి తీరుతుందని అనుకోకూడదు. మధుమేహాన్ని, క్యాన్సర్‌ను కరక్కాయ నయం చేస్తుందనే ప్రకటనలకు ఈ పరిశోధనల్లో ఆధారం లేదు.

సురక్షిత వాడకం

*మోతాదు.* భారత ఆయుర్వేద ఫార్మకోపియా పెద్దవాళ్లకు రోజుకు 3 నుంచి 6 గ్రాముల పొడి అని చెబుతుంది. మొదటిసారి వాడేవాళ్లు అంతకంటే తక్కువతో మొదలుపెట్టడం మంచిది. మోతాదు మించితే కడుపులో నొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లు, లవణాలు పోయి నీరసం వస్తుంది.

*ఎవరు మానాలి.* గర్భిణులు, ఉపవాసంతో, దూరప్రయాణంతో అలసినవారు, బాగా చిక్కిపోయినవారు, పైత్యం ఎక్కువగా ఉన్నవారు, రక్తం పోయినవారు కరక్కాయ తీసుకోకూడదని ప్రాచీన గ్రంథాలే చెప్పాయి. విరేచనాలు అవుతున్నవారు, ఒంట్లో నీరు తగ్గినవారు వైద్యుడు చెబితే తప్ప ముట్టకూడదు. పసిపిల్లలకు సానరాయి మీద కరక్కాయ, వస, జాజికాయ అరగదీసి పోయడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. ఎంత అరిగిందో, రాయి ఎంత శుభ్రమో ఎవరూ కొలవరు. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దన్నది నేటి వైద్యుల మాట.

*మందులతో పాటు.* చక్కెర వ్యాధికి మందులు వాడేవారిలో చక్కెర మరీ పడిపోవచ్చు. మూత్రం వెళ్లే మాత్రలు, గుండె మందులు వేసుకునేవారికి విరేచనాలైతే పొటాషియం తగ్గే ప్రమాదం ఉంది. ఇలాంటివాళ్లు డాక్టరుకు చెప్పే వాడాలి.

*కొనేటప్పుడు.* పొడి కంటే కాయ కొనడం మేలు. పొడిలో గింజ కలిసిందా, పుచ్చు కలిసిందా అన్నది కంటికి తెలియదు. సరిగా ఎండని కాయకు బూజు పడుతుంది. కొన్ని బూజులు కాలేయానికి విషం. రంధ్రాలున్నవి, లోపల నల్లబడ్డవి, నీళ్లలో తేలేవి ఏరిపారేయాలి. పొడి కొనక తప్పకపోతే తయారీ లైసెన్సు నంబరు, తేదీ ఉన్న డబ్బానే కొనాలి.

*ఇనుము మాత్రలు.* ఉత్తరాంధ్ర వాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసింది ఇది. గర్భిణులకు, బడిపిల్లలకు రక్తహీనత కోసం ఆసుపత్రుల్లో, బళ్లలో ఐరన్ మాత్రలు ఇస్తున్నారు. కలంకారీ బట్ట మీద ఇనుమును పట్టి నల్లగీత చేసే టానిన్, కడుపులో ఆ మాత్రలోని ఇనుమునూ అలాగే పట్టేస్తుంది. ఇక ఆ ఇనుము రక్తంలోకి సరిగా చేరదు. కాబట్టి కరక్కాయ గానీ త్రిఫల గానీ వాడే పెద్దవాళ్లు ఐరన్ మాత్రకు రెండు మూడు గంటల ఎడం ఇవ్వాలి. గర్భిణులు కరక్కాయను పూర్తిగా పక్కన పెట్టాలి, మాత్రను మాత్రం మానకూడదు.