రక్షణ నిశ్చయత: గోదావరి డెల్టాలో దాని చరిత్ర

తన పాపాలు క్షమించబడ్డాయనీ, తనకు నిత్యజీవం దొరికిందనీ విశ్వాసికి బతికుండగానే తెలిసి ఉండడాన్ని క్రైస్తవులు రక్షణ నిశ్చయత అంటారు. దీనికి ఎక్కువగా చూపే ఆధారం యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయం, 13వ వచనం. విశ్వసించినవారికి తమకు నిత్యజీవం ఉన్నదని తెలియాలనే ఆ ఉత్తరం రాస్తున్నట్టు అపొస్తలుడు అక్కడ చెబుతాడు. గోదావరి డెల్టాలో ఈ బోధకు దాదాపు 190 ఏళ్ల చరిత్ర ఉంది. పండితులు రాసిన గ్రంథాల్లో కన్నా, సామాన్యులు నిలబడి చెప్పిన సాక్ష్యాల్లోనే అది ఎక్కువగా బతికింది.

మాట, అర్థం

తెలుగు క్రైస్తవ కీర్తనల్లో ముక్తి, మోక్షం అనే మాటలు కనిపిస్తాయి. కానీ ప్రసంగంలోనూ ప్రార్థనలోనూ స్థిరపడింది ‘రక్షణ’. మోక్షం జన్మల చక్రం నుంచి విడుదల. రక్షణ అంటే మునిగిపోతున్నవాణ్ణి ఇంకొకరు చెయ్యిచ్చి గట్టెక్కించడం. ఏటా వరద చూసే లంక గ్రామాల్లో, 1839 కోరంగి ఉప్పెన వంటివాటిని చవిచూసిన తీరంలో ఆ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది. నిశ్చయత బోధ సారమంతా ఆ పోలికలోనే ఉంది: ఒడ్డుకు చేరతానన్న ధైర్యం మునిగేవాడి పట్టును బట్టి కాదు, లాగేవాడి పట్టును బట్టి వస్తుంది.

ఐరోపాలో వివాదం

‘నేను రక్షించబడ్డానని నాకు తెలుసు’ అనవచ్చా అన్నది సంస్కరణ కాలపు పెద్ద తగాదాల్లో ఒకటి. దేవుని వాగ్దానాన్ని నమ్మినవాడు సందేహంలో బతకనక్కర్లేదన్నాడు మార్టిన్ లూథర్. ప్రత్యేక దైవప్రత్యక్షత లేకుండా తుదివరకు నిలుస్తానని ఎవరూ తప్పిపోని నిశ్చయంతో చెప్పలేరని 1547లో కాథలిక్ సంఘపు ట్రెంట్ మహాసభ తీర్మానించింది. దేవుడు ఎన్నుకున్నవారు చివరిదాకా నిలుస్తారని కాల్విన్ బోధను అనుసరించే సంఘాల 1618–19 నాటి డార్ట్ సభ ప్రకటించింది. 1738లో లండన్‌లో మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీకి ఆ నిశ్చయం హృదయానుభవంగా కలిగింది. అయితే విశ్వాసాన్ని వదిలేసినవాడు రక్షణను పోగొట్టుకోగలడని కూడా వెస్లీ బోధించాడు. ఈ పాయలన్నీ తర్వాతి కాలంలో గోదావరి ఊళ్లకు వచ్చాయి.

నరసాపురం, పాలకొల్లు, ధవళేశ్వరం

డెల్టాలో ఈ బోధను మొదట ఊరూరా తిప్పినవారు పండితులు కారు. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ భార్యలతో 1836లో ఇండియా వచ్చారు. బౌడెన్ రాతిపని చేసినవాడు, బీర్ చెప్పులు కుట్టినవాడు. వారిని వెంటబెట్టుకుని వచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ పూర్వం ఎక్సెటర్‌లో దంతవైద్యుడు. వీరంతా బ్రదరన్ సహవాసానికి చెందినవారు. వెనుక మిషన్ సొసైటీ లేదు, నెలజీతం లేదు. మచిలీపట్నంలో కొంతకాలం ఉండి, తర్వాత నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశారు. వారి పనికి గోదావరి డెల్టా మిషన్ అనే పేరు నిలిచింది.

మొదట్లో ఫలితం చాలా కొద్ది. 1847లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టాక పరిస్థితి మారింది. 1852 వరకు సాగిన ఆ పనికి చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది కూలీలు వచ్చారు. కాటన్ స్వయంగా భక్తిపరుడు, పనివాళ్ల మధ్య సువార్త చెప్పడాన్ని ప్రోత్సహించాడు. రాళ్లు మోసినవారు పని అయ్యాక ఊళ్లకు వెళ్లేటప్పుడు విన్న మాట కూడా వెంట తీసుకెళ్లారు. డెల్టా క్రైస్తవ చరిత్ర రాసేవారు కాలువల గురించి చెప్పి ఈ సంగతి దాటిపోవడం పొరపాటు. నీళ్లు పారిన దారుల్లోనే ఈ బోధ కూడా పారింది.

విన్నవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవారు. గుడి గడప తొక్కనివ్వని, వేదం చెవిన పడనివ్వని సమాజంలో వారి బతుకంతా పూర్వజన్మ పాపఫలంగా లెక్కకట్టబడింది. అలాంటివారితో ‘నీ లెక్క తీరిపోయింది, ఆ సంగతి నువ్వే చెప్పవచ్చు’ అనడం చిన్న మాట కాదు. పరలోకం గురించిన ఆ బోధ ఈ లోకంలోనే మనిషిని తలెత్తి నిలబెట్టింది. దానికి రూపం ఇచ్చింది సాక్ష్యం.

సాక్ష్యం అంటే కూడికలో లేచి నిలబడి, తాను ఎలా రక్షించబడ్డాడో సొంత మాటల్లో చెప్పడం. బ్రదరన్ సంఘాల్లో బాప్తిస్మానికి ముందు పెద్దలు అడిగేది దీన్నే. చదువు రాని కూలీ అయినా, నాట్లు వేసే ఆడమనిషి అయినా తాను మారుమనస్సు పొందిన సంగతి సొంతంగా చెప్పాల్సిందే. పుట్టినరోజు తేదీ తెలియనివారు కూడా రక్షించబడిన రోజును గుర్తుపెట్టుకుని చెప్పే అలవాటు ఇక్కడి నుంచే వచ్చింది. బస్సులోనో, పొలంగట్టునో ‘రక్షించబడ్డారా?’ అని అడిగే విశ్వాసి నేటికీ డెల్టాలో ఎదురవుతాడు.

ఇతర సంఘాలు

రాజమహేంద్రవరంలో 1845లో ఉత్తర జర్మనీ మిషనరీ సంఘం తరఫున వాలెట్ పని మొదలుపెట్టాడు. తర్వాత అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది. లూథరన్ విశ్వాసి తన నిశ్చయాన్ని అనుభవం జరిగిన తేదీలో వెతుక్కోడు. పసితనంలో పొందిన బాప్తిస్మంలో, ప్రభురాత్రి భోజనంలో దేవుడిచ్చిన మాటను ఆధారం చేసుకుంటాడు. పిల్లల బాప్తిస్మం చాలదని బ్రదరన్ వారు, దేవుడు చేసిన పనిని మన తారీఖుతో కొలవకూడదని లూథరన్లు వాదించుకుంటూ వచ్చారు. ఈ వాదం చాలా కుటుంబాల్లో పెళ్లి సంబంధాల దాకా వెళ్లింది.

కాకినాడలో తంతి శాఖలో పనిచేసిన థామస్ గాబ్రియేలు మొదలుపెట్టిన బాప్తిస్టు పనిని 1874లో కెనడా బాప్తిస్టులు చేపట్టారు. విశ్వసించి సాక్ష్యమిచ్చినవారికే బాప్తిస్మం అన్న విషయంలో వీరు బ్రదరన్ వారికి దగ్గర.

ఇరవయ్యో శతాబ్దంలో వాదం మలుపు తిరిగింది. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో రాజమహేంద్రవరంలో బైబిలు మిషను స్థాపించారు. రక్షణ పొందానన్న నిశ్చయంతో ఆగిపోకుండా దేవుని సన్నిధిలో కనిపెట్టుకుని ఎదురుచూడాలనీ, ప్రభువు రాకడకు సిద్ధపడాలనీ ఆయన బోధించారు. 1930ల్లో ఆంధ్రలో వ్యాపించడం మొదలైన పెంతెకొస్తు సంఘాల్లో చాలామంది విశ్వాసంలో వెనకబడినవాడు రక్షణను పోగొట్టుకోవచ్చని చెబుతారు. హెబ్రీ పత్రిక 6వ అధ్యాయంలోని హెచ్చరిక వారికి ఆధారం. తన గొర్రెలను ఎవరూ తన చేతిలోనుంచి అపహరించలేరన్న యేసు మాట, యోహాను సువార్త 10వ అధ్యాయంలోది, బ్రదరన్ వారి జవాబు. ఒకసారి పొందిన రక్షణ పోదంటే మనుషులు ఇష్టమొచ్చినట్టు బతుకుతారన్న విమర్శలో కొంత నిజముంది. తాగుడు మానని, అప్పు ఎగ్గొట్టిన ‘రక్షించబడినవారిని’ ప్రతి ఊరూ చూసింది. అందుకే డెల్టా సంఘ పెద్దలు సాక్ష్యంతో పాటు ప్రవర్తనను కూడా అడుగుతారు. యోహాను పత్రిక కూడా సహోదర ప్రేమను గుర్తుగా పెట్టింది కనుక వారు చేసేది సరైన పనే.

మరణం ఎదుట

ఈ బోధ బలం సమాధి దగ్గర తెలుస్తుంది. ‘చనిపోయాడు’ అనే చోట విశ్వాసులు ‘ప్రభువునందు నిద్రించాడు’ అంటారు, సమాధి రాళ్ల మీద అదే చెక్కిస్తారు. దినవారాల స్థానంలో ఆదరణ కూడిక పెడతారు. ఈస్టరు నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులతో, పూలతో సమాధుల తోటకు వెళ్లి పాడే ఆచారం పలు సంఘాల్లో ఉంది.

మిషనరీల ఉత్తరాలూ నివేదికలూ అచ్చులో దొరుకుతాయి. ఈ చరిత్రను మోసిన కూలీల, వ్యవసాయ పనివారి సాక్ష్యాలు మాత్రం ఎక్కువగా నోటిమాటగానే ఉన్నాయి. నరసాపురం, పాలకొల్లు, అమలాపురం ప్రాంతాల సంఘాల్లో ఆ సాక్ష్యాలు చెప్పగల వృద్ధులు ఇంకా ఉన్నారు. వారి మనవలు, సంఘ యువకులు వాటిని ఇప్పుడే వారి మాటల్లోనే రాసి పెట్టుకోవాలి.