మూసీ వరద ఛాయాచిత్రములు

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీ సోమవారమునాడు హైదరాబాదును ముంచిన మూసీ వరదకు ఛాయాచిత్రములు కలవు. బౌద్ధనగరు నివాసినగు నేను అంబరుపేట దిక్కునకు పోయి యేటిని చూచునపుడెల్ల, యీ సన్నని నీటిపాయ యంతపని చేసెనా యని శంకింతును. ఆ చిత్రములు శంక తీర్చును. తెగిన వంతెనలును, బురద నిండిన వీథులును, కప్పులేని గోడలును వానియందున్నవి. శిథిలములపై దిక్కుతోచక నిలిచిన జనులును ఉన్నారు. వీనిని రాజా దీనదయాళు తీసెనని యెవరైన ననినచో నమ్మకుడు. ఆ ప్రసిద్ధ చిత్రకారుడు 1905లోనే కీర్తిశేషుడయ్యెను.

చిత్రములు చెప్పనిదియు కలదు. వరద తెల్లవాఱకమునుపే పొంగెను. నాడు గాజుపలకలపై చిత్రము పట్టెడివారు; చీకటిలో, జడివానలో ఆ యంత్రముతో పనిలేదు. కావున మనకు దక్కినది చాలవఱకు నీరు తీసిన పిదపటి దృశ్యమే. 1578లో కట్టిన పురానాపూలు నిలిచెను. దాని దిగువ వంతెనలు తెగెను. సుమారు 15,000 మంది మరణించిరని యంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నేటికిని ఉన్న చింతచెట్టు నెక్కి యించుమించు 150 మంది బ్రదికిరి. ఆ కొమ్మలపై వారు గడపిన గడియలు నేను చూచిన చిత్రములలో లేవు.

ఇంతకన్న ముఖ్యమైనది నగరమునకు ఎగువను జరిగినది. శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. మూసీ పరీవాహక ప్రదేశమున 788 చెరువులుండగా 221 తెగెను. కట్ట తెగుట యన నెట్టిదో మీకు నేను చెప్పబనిలేదు. గొలుసుకట్టు చెరువులలో పైదానికి గండి పడినచో, ఆ నీటికి అలుగు చాలక క్రిందిదియు తెగును. ఆ రెంటి నీరును మూడవదానిపై బడును. పంటలకని నిలువచేసిన నీరే నగరముపై బడెను. చిత్రకారులు నగరమున నుండిరి; గండ్లు పల్లెలలో పడెను. అందుచే చిత్రములను మాత్రమే చూచినవారు తప్పంతయు ఏటిదే యనుకొందురు.

1909లో నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండము విశ్వేశ్వరయ్య యీ వానకొలతలను, చెరువుల లెక్కను పరిశీలించి, నగరమునకు ఎగువనే వరదనీటిని పట్టి నిలుపవలెనని చెప్పెను. మూసీపై గండిపేటకడ ఉస్మానుసాగరము 1920లోను, ఈసీపై హిమాయతుసాగరము 1927లోను పూర్తియయ్యెను.