శిఖరేశ్వరుని కొండ: ప్రేహ్ విహియర్ చరిత్రలో శిల, పటము, జనము

ఉపోద్ఘాతము

కంబోడియా, థాయిలాండ్ దేశముల సరిహద్దున తూర్పు పడమరలుగా సాగే కొండల వరుసకు డాంగ్రెక్ అని పేరు. ఖ్మేర్ భాషలో ఈ మాటకు కావడి బద్ద అని అర్థము. ఆ కొండల అంచున, కంబోడియా మైదానమునకు దాదాపు 525 మీటర్ల ఎత్తున, ప్రేహ్ విహియర్ అనే ప్రాచీన శివాలయము ఉన్నది. ఆంగ్‌కోర్ వాట్ పేరు తెలిసినంతగా ఈ ఆలయము పేరు మన పాఠకులకు తెలియదు.

ఈ వ్యాసములో మేము పరిశీలింపగోరిన ప్రశ్న ఒక్కటే. ఒక పవిత్ర స్థలము చరిత్రను ఎవరి సాక్ష్యముతో వ్రాయవలెను? రాజుల కాలమున చెక్కిన శాసనములతోనా, ప్రభుత్వములు గీయించిన పటములతోనా, లేక ఆ స్థలమున బాధపడిన సామాన్య జనుల జ్ఞాపకములతోనా? ప్రేహ్ విహియర్ విషయములో ఈ మూడు సాక్ష్యములును ఒకే కొండపై కలుస్తాయి.

కొండయు కట్టడమును

ఖ్మేర్ దేవాలయములు సాధారణముగా తూర్పు ముఖముగా ఉంటాయి. ఇది ఉత్తర ముఖముగా ఉన్నది. కారణము భూమి తీరులోనే కనబడుతుంది. ఉత్తరమున, అనగా నేటి థాయిలాండ్ వైపున, కొండ మెల్లమెల్లగా లేస్తుంది. దక్షిణమున, కంబోడియా వైపున, గోడవలె ఒక్కసారిగా తెగిపోతుంది. శిల్పులు ఆ సహజమైన ఎత్తును వాడుకొని, సుమారు 800 మీటర్ల పొడవున మెట్లను, బాటలను, ఐదు గోపురములను ఒకే వరుసలో నిర్మించారు. ఇక్కడ గోపురము అనగా మన దక్షిణ దేశపు ఎత్తైన గాలిగోపురము కాదు, ప్రవేశ మండపము అని గ్రహించవలెను.

మేము 2019లో సియెమ్ రీప్ పట్టణము నుండి ఈ స్థలమునకు వెళ్లాము. కొండ అడుగున మా వాహనమును విడిచి, స్థానికుల పికప్ బండి ఎక్కవలసి వచ్చింది. దారి అంత నిటారుగా ఉన్నది. పైకి చేరిన తరువాత, పూర్వపు యాత్రికుల క్రమములోనే చూడవలెనని ముందు ఉత్తరపు మెట్ల వద్దకు దిగి, అక్కడి నుండి మరల ఎక్కాము. మొదటి సోపానమునకు 162 మెట్లు కలవు. దాని పైన బాటకు ఇరువైపుల నాగశిల్పములు నేలపై పడుకొన్నట్లు సాగుతాయి. ఒక గోపురముపై క్షీరసాగర మథనము, దాని క్రింద శేషశాయియైన విష్ణువు చెక్కబడి ఉన్నారు. మరికొంత ముందుకు పోగా గోవర్ధనము నెత్తిన కృష్ణుడు కనబడతాడు. ఆ శిల్పములకు అతి సమీపముననే ఇసుక బస్తాలు పేర్చిన సైనికుల స్థావరములును ఉన్నవి.

చివరనున్న ప్రధాన ఆలయ శిఖరము కూలి, రాళ్ల గుట్టగా మిగిలినది. దాని వెనుకకు పోతే కొండ అంచు. అక్కడ నిలిచి చూస్తే కంబోడియా మైదానము కనుచూపు మేర పరచుకొని ఉంటుంది. ఈ అంచును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీని ప్రస్తావన మరల వస్తుంది.

శాసనముల సాక్ష్యము

ఇక్కడి దేవుని పేరు శిఖరేశ్వరుడు. శ్రీశైల శిఖరేశ్వరమును ఎరిగిన తెలుగువారికి ఈ పేరు కొత్త కాదు. అయితే పేరు ఒకటైనంత మాత్రమున ఈ రెండు క్షేత్రములకు సూటియైన సంబంధము ఉన్నదని చెప్పరాదు. ఇంతవరకు మాత్రము నిశ్చయము: ఖ్మేర్ శాసనముల లిపి దక్షిణ భారతదేశపు పల్లవ లిపి నుండి పుట్టినది, శాసనముల భాష సంస్కృతము మరియు ప్రాచీన ఖ్మేర్.

ఈ స్థలముపై ఆరాధన 9వ శతాబ్దపు చివరి భాగములో, మొదటి యశోవర్మ కాలమునకే ఉన్నది. నేడు కనబడే కట్టడములలో అధిక భాగము 11, 12 శతాబ్దములలో మొదటి సూర్యవర్మ, రెండవ సూర్యవర్మల కాలములలో లేచినవి. రెండవ సూర్యవర్మ ఆంగ్‌కోర్ వాట్ నిర్మాత. ఆయన గురువైన దివాకర పండితుడు ఈ శిఖరేశ్వరునికి బంగారు నటరాజ విగ్రహమును సమర్పించినట్లు శాసనము చెబుతున్నది.

చరిత్ర విద్యార్థిని ఎక్కువగా ఆకర్షించవలసినది మరియొక శాసనము. 11వ శతాబ్దపు మొదటి భాగమున సుకర్మ అనే వ్యక్తి ఈ ఆలయములో రాజవంశముల వృత్తాంతములను వ్రాసి భద్రపరచే పనిలో ఉన్నాడు. అనగా ఈ కొండ ఆరాధన స్థలము మాత్రమే గాక ఆనాటి రాజ్యమునకు గ్రంథాలయము కూడ. సుకర్మ కాపాడిన పత్రములు నశించినవి. ఆయన వాటిని కాపాడెనన్న మాట మాత్రము రాతిపై నిలిచినది.

పటము చెప్పిన తీర్పు

1904లో ఫ్రాన్సు, సయాము దేశములు ఒక ఒప్పందము చేసికొన్నవి. ఈ ప్రాంతములో వాన నీరు ఏ వైపునకు పారుతుందో దానిని బట్టి సరిహద్దు ఉండవలెనని అందులో ఉన్నది. కాని 1907లో ఫ్రెంచి అధికారులు తయారుచేసిన పటము ఆలయమును కంబోడియా వైపున చూపినది. సయాము ప్రభుత్వము అభ్యంతరము చెప్పలేదు. పైగా ఆ దేశపు మంత్రియైన రాకుమారుడు డమ్రాంగ్ ఆ పటముల ప్రతులు మరి 15 కావలెనని కోరాడు. 1930లో ఆయన ఆలయమును చూడవచ్చినప్పుడు ఫ్రెంచి అధికారి తమ జెండాతో స్వాగతము చెప్పాడు.

ఫ్రెంచివారు వెళ్లిపోయిన తరువాత, 1954లో థాయి బలగములు ఆలయమును ఆక్రమించినవి. కంబోడియా 1959లో అంతర్జాతీయ న్యాయస్థానమునకు వెళ్లింది. 1962 జూన్ 15న న్యాయస్థానము, ముగ్గురు విభేదింపగా తొమ్మిది మంది న్యాయమూర్తుల మొగ్గుతో, ఆలయము కంబోడియాదని తీర్పు చెప్పింది. ఉభయ పక్షములు చరిత్రను, మతమును, పురావస్తువులను ఆధారముగా చూపగా, అవి న్యాయ నిర్ణయమునకు చాలవని న్యాయస్థానము భావించుట గమనార్హము. నిర్ణయించినది ఆ పటము, దానిపై ఏళ్ల తరబడి సాగిన మౌనము. 1963 జనవరిలో నరోదమ్ సిహనౌక్ కొండ ఎక్కి స్వాధీన ఉత్సవము జరిపినప్పుడు, థాయి ప్రజలు వీసా లేకుండ వచ్చి దర్శించుకొనవచ్చునని ప్రకటించుట మెచ్చదగినది.

1979 జూన్

ఇప్పుడు ఆ కొండ అంచునకు మరల వద్దాము. 1979 జనవరిలో వియత్నాం సేనలు ఖ్మేర్ రూజ్ పాలనను కూలద్రోసిన తరువాత, ఆకలితోను భయముతోను వేలాది కంబోడియా జనులు థాయిలాండ్‌లోనికి పారిపోయారు. ఆ జూన్‌లో థాయి సైన్యము 40 వేలకు పైగా శరణార్థులను సరిహద్దు శిబిరముల నుండి బస్సులలో ప్రేహ్ విహియర్‌కు తెచ్చి, తుపాకులు చూపి కొండ క్రిందికి తరిమినది. దిగువన మందుపాతరలు పాతియున్నవి. పసిబిడ్డలను ఎత్తుకొన్న తల్లులు, ముసలివారు ఆ వాలున దిగారు. అనేకులు ప్రేలుళ్లలోను, దాహముతోను, రోగములతోను మరణించారు.

న్యాయము కొరకు రెండవ సంగతి కూడ చెప్పవలెను. అదే సంవత్సరాంతమున థాయిలాండ్ తన విధానమును మార్చుకొని, నవంబరులో ఖావో ఇ డాంగ్ శిబిరమును తెరచి, అనేక వేల మందికి ఆశ్రయమిచ్చినది. అయినను జూన్‌లో చనిపోయినవారు తిరిగి రాలేదు. దివాకర పండితుని దానమునకు శాసనము ఉన్నది, 1907 నాటి సరిహద్దు గీతకు పటము ఉన్నది. ఆ కొండపై మేము నడచిన మార్గమున ఈ జనుల పేర్లున్న పలక ఒక్కటియు మాకు కనబడలేదు.

తరువాతి సంఘటనలు

2008 జూలైలో యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. సంతోషింపవలసిన ఆ గుర్తింపే వివాదమును రగిలించినది. 2008 నుండి 2011 వరకు కాల్పులు జరిగినవి, ఫిరంగి గుండ్లు ఆలయపు రాళ్లను తాకినవి. 2013 నవంబరు 11న న్యాయస్థానము తన పాత తీర్పును వివరించుచు, ఆలయమున్న కొండకొన అంతయు కంబోడియాదేనని ఏకగ్రీవముగా చెప్పింది. తరువాత ఆలయ పరిరక్షణకై ఏర్పడిన అంతర్జాతీయ సమన్వయ సంఘమునకు భారతదేశము, చైనా సహ అధ్యక్షత వహించినవి. కాని 2025 జూలైలోను, మరల డిసెంబరులోను రెండు దేశముల మధ్య యుద్ధము చెలరేగినది. ఆలయమునకు నష్టము కలిగినదని కంబోడియా ప్రకటించింది. సరిహద్దు గ్రామముల జనులు ఇరువైపుల లక్షల సంఖ్యలో ఇండ్లు విడిచారు.

ముగింపు

శాసనము అబద్ధము కాదు, పటము అనవసరము కాదు. శాసనము లేనిచో శిఖరేశ్వరుని పేరే మనకు తెలియదు. పటము లేనిచో 1962 నాటి తీర్పు లేదు. అయితే శాసనము దాతను, పటము ప్రభుత్వమును జ్ఞాపకముంచుకొంటాయి. రాళ్లు మోసినవారిని, సరిహద్దు దాటి తరుమబడినవారిని జ్ఞాపకముంచుకొనే బాధ్యత చరిత్రకారునిపై పడుతుంది.

ఈ మాట మన విద్యార్థులకు దూరపు మాట కాదు. తమ ఊరి సంఘ చరిత్రను వ్రాయబూనినవారికి దేవాలయపు గోడపై శంకుస్థాపన పలక దొరుకుతుంది. అందులో మిషనరీ పేరు, చందా ఇచ్చిన పెద్దల పేర్లు ఉంటాయి. సున్నము కలిపినవారి పేర్లు, కరవు కాలములో ఆ ఆవరణలో గంజి త్రాగినవారి పేర్లు ఉండవు. వాటిని ముసలివారి నోట విని వ్రాసికొనవలెను. 1979 జూన్‌లో తల్లి చేయి పట్టుకొని ఆ కొండ దిగిన పిల్లలు ఇప్పుడు మా వయస్సువారు. వారు చెప్పగలిగినప్పుడే వినవలెను. సుకర్మ తన కాలములో రాజుల కొరకు చేసిన పనిని, మన కాలములో ఈ జనుల కొరకు చేయవలసియున్నది.