సి 56 31: ఇంజనుకు నంబరు ఉంది, మనవాళ్లకు పేర్లు లేవు

వలస చరిత్ర గురించి మనం రాసుకునే మాటల్లో ఈసారి ఒక ఆవిరి ఇంజను కథ.

టోక్యోలోని యాసుకుని ఆలయ ప్రాంగణంలో యూషూకాన్ అనే యుద్ధ మ్యూజియం ఉంది. దాని ప్రవేశ హాలులోనే నల్లగా నిగనిగలాడుతూ ఒక రైలింజను కనిపిస్తుంది. దాని నంబరు సి 56 31. 1936లో తయారైంది. జపాన్‌లో చిన్న లైన్ల కోసం చేసిన తేలికపాటి ఇంజను కాబట్టి బలహీనమైన పట్టాల మీద కూడా నడిచేది. వెనక్కి నడిపేటప్పుడు డ్రైవరుకు దారి కనబడాలని టెండరు పక్కలను లోపలికి చెక్కినట్టు కట్టారు.

సైన్యానికి ఇలాంటిదే కావాల్సి వచ్చింది. ఈ తరగతిలో మొదటి 90 ఇంజన్లను 1,067 మిల్లీమీటర్ల గేజి నుంచి మీటరు గేజికి మార్చి ఆగ్నేయాసియాకు ఓడల్లో పంపారు. సముద్ర మార్గంలో శత్రు దాడుల భయం ఉండడంతో, బర్మాలోని సేనలకు సరుకు చేర్చడానికి సయాం నుంచి అడవుల గుండా 415 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. 1943 అక్టోబరులో జరిగిన దాని ప్రారంభోత్సవంలో నడిచిన ఇంజను ఈ 31వ నంబరుదే.

ఆ పట్టాలు వేసిందెవరు? 60 వేలకు పైగా యుద్ధఖైదీలు. వారికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఆసియా కూలీలు. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన వారిలో తమిళులు ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాల నుంచి పొట్టకూటికి సముద్రం దాటిన కుటుంబాలవి. యుద్ధంతో తోటల్లో పని ఆగిపోయింది. కూలి, తిండి ఇస్తామని మొదట ఆశపెట్టారు, తర్వాత బలవంతంగా పట్టుకెళ్లారు. కలరా, మలేరియా, ఆకలి కలిసి వేల ప్రాణాలు తీశాయి. ఖైదీలలో 12 వేల మందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీల మరణాలు దాదాపు 90 వేలని అంచనా. అంచనా అనే అనాలి, ఎందుకంటే వాళ్ల లెక్క ఎవరూ సరిగా రాసిపెట్టలేదు.

యుద్ధం తర్వాత ఈ ఇంజను థాయ్ రైల్వేలో 725 నంబరుతో పనిచేసింది. పాత సైనికులు పూనుకొని 1979లో స్వదేశానికి తెప్పించి, పాత నంబరు తిరిగి రాయించారు. దాని తోటిదైన సి 56 44 కూడా ఆ ఏడాదే తిరిగొచ్చి, ఓయిగావా రైల్వేలో మళ్లీ ఆవిరితో నడిచింది.

ఇనుమును కాపాడుకోవడాన్ని మనం తప్పుపట్టడం లేదు. ఆ ఇంజను మిగిలింది కనుకే ఈ మాట ఎత్తగలుగుతున్నాం. కానీ ఆ పట్టాల కింద పోయిన ప్రాణాల ఊసు ఆ ప్రదర్శనలో లేదనే విమర్శ చాలాకాలంగా ఉంది. కాంచనబురి యుద్ధ శ్మశానంలో సుమారు 7 వేల మంది ఖైదీల సమాధులు వరుసగా, శుభ్రంగా ఉన్నాయి. మన కూలీలకు అలాంటి రాయి లేదు.

మన కుటుంబాల్లో “మలయా వెళ్లి తిరిగిరాలేదు” అన్న మాట వినబడితే దాన్ని అక్కడితో వదిలేయకండి. పేరు, ఊరు, ఇంటిపేరు, వెళ్లిన ఏడు, తెలిసినంతవరకు రాసి సంఘానికి పంపండి. ఇంజనుకు దాని పాత నంబరు దొరికింది. మనవాళ్లలో కొందరికైనా పేరు దొరకాలి.